గాలి రాకడ తెలిసినవారు

కళ్లంలో నూర్పిడి పూర్తి కాగానే రైతు పని ఒక్కసారిగా ఆగిపోయే ఘడియ ఒకటి వస్తుంది. గింజ, తాలు, పొట్టు, దుమ్ము కలిసి ఒకే కుప్పగా పడి ఉంటాయి. ఎద్దులు తాము చేయగలిగింది చేశాయి. మనుషులు తాము చేయగలిగింది చేశారు. ఇక చేయవలసినది గాలి. రైతు ఎత్తైన పీట ఎక్కి నిలబడి చేటలోని గింజను కొద్దికొద్దిగా జారవిడుస్తాడు. బరువైన గింజ పీట దగ్గరే రాలుతుంది. తాలు ఒకింత దూరాన, పొట్టు మరింత దూరాన పడతాయి. గాలి స్తంభిస్తే చేట దించి కూర్చోవలసిందే. గాలి దిక్కు మారితే పీట మార్చుకోవలసిందే. దీనినే తూర్పారబట్టడం అంటారు. గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్న అర్థంతో తమిళంలోనూ కన్నడంలోనూ సామెతలున్నాయి. హిందీ ప్రాంతపు రైతు ఇదే పనిని 'ఓసానా' అంటాడు. మాటలు వేరు, పంటలు వేరు. గాలి కోసం చేట పట్టుకొని ఎదురుచూడటం మాత్రం కావేరి ఒడ్డునా గంగ ఒడ్డునా ఒకే తీరుగా సాగింది.

పవనశక్తిని మానవుడు ఎట్లా వాడుకున్నాడన్న ప్రశ్న వచ్చినప్పుడు హాలెండు గాలిమరలతో ప్రారంభించడం ఒక అలవాటుగా మారింది. పాఠ్యపుస్తకాలలోని బొమ్మలు ఇందుకు కొంత కారణం కావచ్చు. తిరిగే రెక్కలున్న యంత్రాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే దక్షిణాసియా చరిత్రలో చెప్పుకోదగినది స్వల్పమే. కాని యంత్రాన్ని కాక, జరిగిన పనిని లెక్కించి చూడండి. ఈ ఉపఖండంలో గాలి ధాన్యాన్ని శుభ్రపరిచింది. వేల మైళ్లు ఓడలను నడిపింది. రాతి నుంచి ఇనుమును వేరుచేసింది. ఎండకు మాడిన ఇళ్లను చల్లబరచింది. ఈ పనులన్నింటిలోనూ ముందుగా కావలసివచ్చినది యంత్రం కాదు. గాలి ఎప్పుడు వస్తుంది, ఎటునుంచి వస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది అన్న ఎరుక. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని మన పెద్దలు అంటారు. గాలి రాకడను మాత్రం కొందరు తెలుసుకున్నారు. ఈ ప్రసంగం ప్రధానంగా వారిని గూర్చినది.

మొదట సముద్రం సంగతి. వేసవిలో భూభాగం సముద్రం కంటే త్వరగా వేడెక్కుతుంది. వేడెక్కిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ చోటును నింపడానికి సముద్రం మీది గాలి లోపలికి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరృతి నుంచి వీచే గాలులకు ఇదే మూలం. శీతకాలంలో నేల త్వరగా చల్లబడుతుంది. గాలి దిక్కు మార్చుకొని ఈశాన్యం నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఏటా రెండు మార్లు దిక్కు మార్చుకొనే ఇటువంటి గాలి ప్రపంచంలోని ఇతర ప్రాంతాలలోనూ లేకపోలేదు. కాని హిందూ మహాసముద్రంలో ఉన్నంత విస్తారంగా, క్రమబద్ధంగా మరెక్కడా లేదు. నావికునికి ఇది పోను ఒక బాట, రాను ఒక బాట వేసి పెట్టినట్లయింది. అరబ్బులు దీనిని 'మౌసిమ్' అన్నారు. నియత కాలం అని దాని అర్థం. ఆ మాటే హిందీలోనూ ఉర్దూలోనూ 'మౌసమ్' అయి వాతావరణాన్ని సూచించే నిత్యవ్యవహార పదంగా స్థిరపడింది. అదే మాట పోర్చుగీసు వారి నోట పడి, రూపం మారి, ఇంగ్లీషులో 'మాన్సూన్' అయింది. తెలుగువారు ఋతుపవనం అన్నారు. కాలానికీ గాలికీ గల సంబంధాన్ని అన్నింటికన్నా స్పష్టంగా చెప్పే మాట బహుశా ఇదే.

హిప్పాలస్ అనే గ్రీకు నావికుడు ఈ గాలుల ఆధారంతో నడిసముద్రం మీదుగా దారిని కనుగొన్నాడని క్రీస్తు శకం తొలి శతాబ్దంలో గ్రీకు భాషలో వెలువడిన 'ఎర్ర సముద్ర యాత్రాదర్శిని' చెబుతుంది. గ్రీకులకు ఆ దారి కొత్తది కావచ్చు. ఈ సముద్రపు ఒడ్డున పుట్టి పెరిగిన నావికులకు గాలి దిక్కు మారడం ఎవరో వచ్చి చెప్పవలసిన విషయం కాదు. అదే గ్రంథం తూర్పు తీరాన 'మసాలియా' అనే ప్రాంతాన్ని పేర్కొని, అక్కడ సన్నని నూలు వస్త్రాలు విరివిగా తయారవుతాయని తెలిపింది. అది కృష్ణానది సముద్రంలో కలిసే ప్రాంతమని పండితుల అభిప్రాయం. శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఓడ బొమ్మను నాణెం మీద ముద్రించుకున్న రాజ్యానికి గాలి విలువ తెలియదని ఎవరూ అనలేరు. తెలుగువారు ఓడ గుడ్డను తెరచాప అంటారు. నేతగుడ్డ వచ్చిన తరువాత కూడా ఆ మాటలో చాప అట్లాగే నిలిచి ఉన్నది.

అయిదవ శతాబ్ది ప్రారంభంలో చైనా యాత్రికుడు ఫాహియాన్ బౌద్ధ గ్రంథాల కోసం భారతదేశమంతా తిరిగి, చివరకు వంగదేశంలోని తామ్రలిప్తి రేవులో పెద్ద వర్తక నౌక ఎక్కాడు. శీతకాలపు తొలి అనుకూల పవనం అందుకొన్న ఆ నౌక పద్నాలుగు రోజులలో సింహళానికి చేరింది. వేయి సంవత్సరాల అనంతరం మరొక యాత్ర జరిగింది. 1498 ఏప్రిల్ చివర వాస్కో డ గామా ఆఫ్రికా తూర్పు తీరంలోని మాలిండి నుంచి బయలుదేరాడు. ఆ తీరాన దొరికిన, ఈ సముద్రం తెలిసిన మార్గదర్శి ఒకడు అతని వెంట ఉన్నాడు. అనుకూలమైన గాలి తోడై దాదాపు ఇరవై మూడు రోజులలో మలబారు తీరం కనబడింది. తిరుగు ప్రయాణానికి మాత్రం అతడు ఆగలేదు. ఆగస్టు చివర, గాలి ఇంకా ఎదురుగా ఉండగానే, తెరచాప ఎత్తించాడు. ఇరవై మూడు రోజుల దూరానికి ఈసారి నాలుగు నెలలకు పైగా పట్టింది. తాజా ఆహారం లేక, పళ్లచిగుళ్లు వాచి రక్తం కారే వ్యాధితో నావికులు పదులకొద్దీ మరణించారు. ఓడలు అవే, తెరచాపలు అవే, నాయకుడూ అతడే. మూడు నెలలు ఓపిక పట్టి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో!

అయితే గాలి రాకడ తెలిసినవానికి కూడా ప్రమాదం తప్పదు. తూర్పు తీరంలో అక్టోబరు, నవంబరు నెలలు ఎంత భయంకరమైనవో తెలుగువారికి చెప్పనక్కరలేదు. గాలివాన ఓడను దారి తప్పించి ఎవరి రాజ్యపు ఒడ్డునో పడవేస్తే అందులోని సరుకు ఎవరిది? ఈనాటి విద్యార్థికి ఈ ప్రశ్న వింతగా తోచవచ్చు. ఆనాటి ఆచారం ప్రకారం అది ఆ ఒడ్డును ఏలే రాజుది. బంగారం గాని, ఏనుగులు గాని, గుర్రాలు గాని, రత్నాలు గాని, ఒడ్డుకు కొట్టుకువచ్చిన సొత్తునంతా రాజులు బలవంతంగా తీసుకొనేవారు. సముద్రం ఒక దెబ్బ కొడితే రాజు రెండవ దెబ్బ కొట్టేవాడన్నమాట.

ఈ ఆచారాన్ని కాదన్నవాడు కాకతీయ గణపతిదేవ చక్రవర్తి. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఆనాడు పెద్ద రేవు. క్రీ.శ. 1244 ప్రాంతంలో అక్కడి శిలాస్తంభం మీద ఆయన ఒక అభయశాసనం వేయించాడు. ద్వీపాలకూ, దేశాలకూ, పట్టణాలకూ పోయి వచ్చే సముద్ర వర్తకులను ఉద్దేశించిన శాసనమది. పూర్వపు రాజులు గాలివానకు చెడిన ఓడల సరుకును లాగుకొనేవారనీ, ధనం ప్రాణం కంటే కూడా మిక్కుటమైనది కాబట్టి తాము నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ దాని సారాంశం. ఎగుమతి దిగుమతుల మీద సుంకం ముప్పయింట ఒక వంతుగా నిర్ణయించి, ఆ వివరాన్ని కూడా రాతి మీద చెక్కించారు. ఒక శతాబ్దం తరువాత, 1358లో, రెడ్డి రాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ మరొక శాసనం వేయించాడు.

ఈ శాసనాన్ని రాజుగారి దయాగుణానికి నిదర్శనంగా చెప్పి ఊరుకోవడం పరిపాటి. దయ ఉండవచ్చు. కాని అందులో లెక్క కూడా ఉన్నది. గాలివాన తెచ్చే నష్టమంతా వర్తకుని ఒక్కని నెత్తినే పడితే అతడు ఆ రేవు ముఖం చూడడు. వర్తకుడు రాకపోతే ముప్పయింట ఒక వంతు కూడా రాదు. అస్థిరమైన గాలితో పని చేయించుకొనే సమాజం ఆ అస్థిరత్వపు బరువును ఎవరెంత మోయాలో తేల్చుకోక తప్పదని గణపతిదేవుడు గ్రహించాడు. ఎనిమిది శతాబ్దాలు కావస్తున్నా ఈ సమస్య పాతబడలేదు.

గాలిని గూర్చిన శాస్త్రానికి కూడా ఈ తీరం ఒక మాటను ఇచ్చింది. గోదావరి ముఖాన ఉన్న కోరంగి ఓడల నిర్మాణానికి పేరెన్నిక గన్నది. 1789లోనూ, 1839లోనూ వచ్చిన గాలివానలకు ఆ పట్టణం ఛిన్నాభిన్నమైంది. కలకత్తాలో ఉండి ఇటువంటి తుపానుల వృత్తాంతాలను, ఓడల దినచర్య పుస్తకాలను సేకరించి పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్, గాలి చుట్టలు చుట్టుకొంటూ తిరుగుతున్నదని గుర్తించి, పాము చుట్టను స్ఫురింపజేసే గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పదాన్ని కల్పించాడు. 1848లో వెలువడిన అతని గ్రంథం నావికుల కోసం రాసినది. నేడు ప్రపంచమంతా వాడే ఆ మాట వెనుక బంగాళాఖాతపు ఒడ్డున చితికిపోయిన ఓడలు ఎన్నో ఉన్నాయి.

సముద్రం నుంచి నేల మీదికి వద్దాం. శ్రీలంక మధ్యనున్న కొండల దక్షిణ అంచున సమనలవెవ అనే చోట జలవిద్యుత్తు కోసం పెద్ద జలాశయం నిర్మించదలచినప్పుడు, మునిగిపోబోయే ప్రాంతంలో పురావస్తు పరిశీలన జరిపారు. నీటి నుంచి విద్యుత్తు తీయడానికి వెళ్లినవారికి అక్కడ గాలి నుంచి ఇనుము తీసిన ఆనవాళ్లు దొరకడం చమత్కారమే. కొండల పడమటి వాలుల మీద, సరిగ్గా గాలి ఢీకొనే అంచున, ఇనుము తీసే కొలుముల శిథిలాలు వరుసగా బయటపడ్డాయి. ఇవి క్రీస్తు శకం మొదటి సహస్రాబ్ది నాటివి. జిల్ జులెఫ్ అనే పురాతత్త్వవేత్త వీటిని పరిశోధించింది.

ఇనుప ఖనిజం కరగడానికి కావలసిన వేడి బొగ్గుకు మామూలుగా రాదు. గాలి బలంగా ఊదాలి. అందుకే ప్రపంచమంతటా కమ్మరులు తిత్తులు వాడారు. తెలంగాణలో నిజామాబాదు జిల్లా కోనసముద్రం ఉక్కు ప్రసిద్ధమైనది. పారశీక వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కొని పోయేవారు. అక్కడా మూసలకు వేడి పెట్టినది తిత్తుల గాలే, అంటే మనుషుల చేతుల బలమే. సమనలవెవలో మాత్రం తిత్తులు లేవు. కొలిమి ముఖాన్ని పడమటికి పెట్టి, జూన్ నెలలో నైరృతి పవనం వచ్చేదాకా వేచి ఉన్నారు. గాలి నిలకడలేనిది, దానితో ఇనుము తీయడం అసాధ్యం అని పండితులు అంతకుముందు కొట్టిపారేసేవారు. జులెఫ్ బృందం పాత కొలుముల నమూనా ప్రకారం కొత్తవి కట్టి, అదే ఋతువులో, అదే వాలు మీద నిప్పు రాజేసి చూసింది. ఇనుము వచ్చింది, అందులో కర్బనం హెచ్చుగా ఉన్న మేలి ఉక్కు కూడా వచ్చింది. గాలి నేరుగా కొలిమిలోకి దూరడం ఒక్కటే ఇందుకు కారణం కాదు. ముందుగోడ పైఅంచు మీదుగా గాలి వేగంగా దూకినప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గి, కింది గొట్టాల గుండా గాలి దానంతటదే లోపలికి లాగబడుతుంది. బయట గాలి కొంత హెచ్చుతగ్గులైనా లోపల మంట నిలకడగా ఉంటుంది. ఈ ఫలితాలు 1996లో 'నేచర్' పత్రికలో ప్రకటితమయ్యాయి. ఆ కొలుములు కట్టినవారి పేర్లు మనకు తెలియవు. వారు ఒత్తిడి సూత్రాలు చదవలేదు; కొండ అంచున నిలబడి గాలిని చదివారు.

ఇళ్ల విషయానికి వస్తే, సింధులోని హైదరాబాదును తప్పక చెప్పుకోవాలి. మన హైదరాబాదు కాదు. సింధు నది ఒడ్డున ఉన్నది. ఒకప్పుడు ఆ పట్టణంలో ప్రతి మిద్దె మీదా ఏటవాలు మూత గల ఒక గాలిగూడు ఉండేది. పై నుంచి చూస్తే ఊరంతా ఒకే వైపుకు నోరు తెరచినట్లు కనిపించేదని పాత ఛాయాచిత్రాలు చెబుతాయి. వేసవి గాలి అక్కడ నైరృతి నుంచే వస్తుంది కాబట్టి ఆ గూళ్లను తిప్పవలసిన పనిలేదు. పైన పట్టిన గాలి గొట్టం గుండా గదిలోకి దిగేది. 1799లో జయపురంలో సవాయి ప్రతాప్ సింగ్ కట్టించిన హవామహల్ 953 చిన్న కిటికీలతో ఇదే పనిని మరొక విధంగా, మరెంతో అందంగా చేస్తుంది. హవామహల్ నిలిచింది, సింధు గాలిగూళ్లు విద్యుత్తు పంకాలు వచ్చాక దాదాపు అంతరించాయి. చూడముచ్చటైనది మిగులుతుంది, ఉపయోగపడినది పోతుంది. నిర్మాణాల చరిత్రలో ఇది తరచు జరిగేదే.

ఇక తిరిగే గాలిమర. దాని పుట్టుక కూడా మన పొరుగునే. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ సరిహద్దులలోని సీస్తాన్‌లో వేసవి పొడుగునా ఉత్తర దిశ నుంచి వీచే గాలిని అక్కడివారు 'నూట ఇరవై రోజుల గాలి' అంటారు. పదవ శతాబ్ది అరబ్బు భౌగోళికులు ఆ ప్రాంతపు గాలిమరలను వర్ణించారు. వాటి ఇరుసు నిలువుగా ఉంటుంది. దాని చుట్టూ రెల్లుతోనో కొయ్యతోనో చేసిన రెక్కలు ఉంటాయి. మట్టిగోడలు కట్టి, గాలి ఒక పక్క రెక్కలకే తగిలేట్లు చేస్తారు. కింద తిరగలి తిరిగి గోధుమలు పిండి అవుతాయి. హెరాత్ ప్రాంతంలోనూ ఇటువంటివి ఉండేవి. ఇరాన్‌లోని నష్తీఫాన్‌లో కొన్ని నేటికీ నిలిచి ఉన్నాయి. గాలి దిక్కు మారదు గనుక గోడను స్థిరంగా కట్టగలిగారు. పన్నెండవ శతాబ్ది నుంచి ఐరోపాలో కనిపించే గాలిమరలకు ఆ సదుపాయం లేదు. అక్కడ గాలి రోజుకొక దిక్కు. కాబట్టి మర తలను, లేదా మరనంతటినీ, గాలికి ఎదురుగా తిప్పే ఏర్పాటు చేసుకోవలసివచ్చింది.

సీస్తాన్ ఇంత చేరువలో ఉండగా భారతదేశంలో గాలిమర ఎందుకు వ్యాపించలేదు? మన పూర్వులకు తెలివి చాలలేదనడం తేలిక. కాని అది సమాధానం కాదు. పంచాంగం ఒకసారి చూడండి. దక్కను పీఠభూమిలో గాలి బలంగా వీచేది జూన్ నుంచి ఆగస్టు వరకు. అప్పుడు వాన కూడా ఉంటుంది. బావి తోడవలసిన అవసరం తక్కువ. నీరు నిజంగా కావలసిన మాసాలలో గాలి మందగిస్తుంది. ఎద్దు అట్లా కాదు. ఏ నెలలోనైనా కపిల తోలుతుంది, గానుగ తిప్పుతుంది, పొలం దున్నుతుంది. రైతు ఎద్దును ఎంచుకోవడం వెనుక మంచి లెక్క ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం మన శాస్త్రజ్ఞులకు ఈ లెక్క మళ్లీ ఎదురైంది. 1960లలో బెంగళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల నీరు తోడే గాలిమరను రూపొందించి కొన్ని చోట్ల నెలకొల్పింది. 1973లో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగాక ఆ ఆసక్తి మళ్లీ చిగురించింది. ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్‌లో హాలెండు సాంకేతికుల సహకారంతో పన్నెండు రేకుల, అయిదు మీటర్ల వ్యాసం గల మర తయారైంది. దాని పేరు '12-పి.యు.-500'. ఊరి కమ్మరి మరమ్మతు చేయగలిగేట్లు ఉండాలన్నది దాని ఉద్దేశం. 1982లో కేంద్ర ప్రభుత్వం సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖను నెలకొల్పిన తరువాత ఈ రకపు మరలు అనేక రాష్ట్రాలలో వెలిశాయి. ఫలితం ఆశించినంతగా లేదు. కొన్ని మంచిగా పనిచేశాయి. ఎన్నో మరమ్మతు లేక నిలిచిపోయాయి. ఎన్నో గాలి తగినంత లేని చోట పాతినందువల్ల తిరగనే లేదు. నేపాల్ అనుభవం ఇందుకు విపర్యయం. కాళీ గండకీ లోయలోని కాగ్‌బేనిలో 1989లో నెలకొల్పిన విద్యుత్ గాలిమర కొద్ది నెలలకే ఆ లోయ గాలి ధాటికి విరిగిపోయింది. ఒక చోట గాలి చాలక, మరొక చోట గాలి మితిమీరి రెండూ చెడ్డాయి. రెండు చోట్లా కొరవడినది ఆ గాలిని గూర్చిన కొలత.

ఆ కొలతను దేశానికి సంపాదించి పెట్టినవారిలో అగ్రగణ్యురాలు అన్నా మణి. 1918లో నాటి తిరువాన్కూరు సంస్థానంలోని పీరుమేడులో జన్మించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, బెంగళూరులో సి.వి. రామన్ వద్ద వజ్రాలు, కెంపుల కాంతి ధర్మాల మీద పరిశోధన చేశారు. సిద్ధాంత వ్యాసం సమర్పించినా, ఎం.ఎస్సీ. పట్టా లేదన్న కారణంతో విశ్వవిద్యాలయం డాక్టరేటు ఇవ్వలేదు. ఇంగ్లండులో వాతావరణ పరికరాల శాస్త్రం అభ్యసించి, 1948లో తిరిగి వచ్చి పుణెలోని భారత వాతావరణ శాఖలో చేరారు. అంతవరకు విదేశాల నుంచి తెప్పించుకొంటున్న పరికరాలకు సుమారు నూరింటికి ప్రామాణిక నమూనా చిత్రాలు సిద్ధం చేయించి, వాటిని ఇక్కడే తయారుచేయించారు. తప్పు కొలత కొలత లేకపోవడం కంటే హానికరమని ఆమె నమ్మకం.

ఉప మహాసంచాలకురాలిగా 1976లో పదవీ విరమణ చేశాక చాలామంది విశ్రాంతి కోరుకుంటారు. ఆమె గాలిని లెక్కించడం ప్రారంభించారు. 1983లో భారతదేశ పవనశక్తి వివరాల గ్రంథాన్ని డి.ఎ. మూలేతో కలిసి ప్రచురించారు. ఆ తరువాత బెంగళూరు కేంద్రంగా దేశవ్యాప్త సర్వే నడిపించారు. 20, 25 మీటర్ల స్తంభాలు కొండల మీద, కనుమల ముఖాన, సముద్రతీరాన నాటించి, ఏడాది పొడుగునా గంట గంటకూ గాలి వేగాన్ని, దిక్కును నమోదు చేయించారు. ఈ సర్వే ఏడు వందల పైచిలుకు స్థలాలకు విస్తరించింది. ఫలితాలు సంపుటాలుగా వెలువడ్డాయి. చూడటానికి అవి అంకెల పట్టికలు తప్ప మరేమీ కావు. వాటి విలువ తెలియాలంటే ఒక సూత్రం తెలియాలి. గాలిలోని శక్తి దాని వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం రెట్టింపు అయితే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. సెకనుకు 5 మీటర్ల గాలికీ 6 మీటర్ల గాలికీ చర్మానికి తేడా తెలియదు. శక్తిలో మాత్రం 125కూ 216కూ ఉన్నంత తేడా. ఒక్క మీటరు పొరపడితే పెట్టుబడి అంతా గాలికి పోయినట్లే. ఎంత మంచి మర అయినా తన రెక్కల గుండా పోయే గాలిలోని శక్తిలో నూటికి 59 పాళ్లకు మించి గ్రహించజాలదని జర్మన్ శాస్త్రజ్ఞుడు బెట్జ్ 1920లోనే నిరూపించాడు. యంత్రంలో దిద్దుకోగలిగినదానికి హద్దు ఉన్నది. సరైన చోటు ఎన్నుకోవడంలో వచ్చే లాభం అంతకు ఎన్నో రెట్లు. అన్నా మణి 2001లో మరణించారు.

1986లో గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు తీరాలలో తొలి పవన విద్యుత్ క్షేత్రాలు వెలిశాయి. వాటిలోని మరల సామర్థ్యం 55 కిలోవాట్లు మాత్రమే. తొలి క్షేత్రాలలో ఒకటి కచ్ తీరపు మాండ్వీలో ఏర్పడింది. చేతితో కొయ్య ఓడలు కట్టే వృత్తి శతాబ్దాలుగా సాగుతున్న రేవు అది. కన్యాకుమారి సమీపాన పడమటి కనుమలు ఒక చోట తెగి, ఆరల్వాయ్‌మొళి కనుమ ఏర్పడింది. అటు కేరళ వైపు నుంచి వచ్చే నైరృతి పవనం ఆ ఇరుకులో వేగం పుంజుకొని ఇటు ముప్పందల్ మైదానం మీద పడుతుంది. ఆ మైదానంలో వేలకొద్దీ మరలు నిలిచాయి. ఆంధ్రప్రదేశ్‌లో నాటి అనంతపురం జిల్లా రామగిరి కొండలు ఈ పనికి తొలుత ఎన్నికైన చోట్లలో ఒకటి. ఆ జిల్లా వానను అంతగా ఎరగదు. గాలిని బాగా ఎరుగును. 2025 మార్చి నాటికి దేశంలో నెలకొల్పిన పవన విద్యుత్ సామర్థ్యం 50 వేల మెగావాట్లు దాటింది. అందులో ఆంధ్రప్రదేశ్ వాటా నాలుగు వేల పైచిలుకు, తెలంగాణ వాటా 128. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ అంచనా ప్రకారం 150 మీటర్ల ఎత్తులో దేశానికి గల అవకాశం సుమారు 11 లక్షల 64 వేల మెగావాట్లు. సింధులో జింపీర్, శ్రీలంకలో మన్నార్ దీవి ఇదే నైరృతి పవనం మీద ఆధారపడి మరలు నిలుపుకొన్నాయి. ఒకే గాలి ముగ్గురి ఇళ్లలో దీపం వెలిగిస్తున్నది. దానికి సరిహద్దు కాగితాలు అక్కరలేదు.

అయినా పంచాంగం మారలేదు. ఏడాది మొత్తంలో గాలి ఇచ్చే విద్యుత్తులో అధిక భాగం మే నుంచి సెప్టెంబరు లోపలే వస్తుంది. నాటి రైతు చేట దించి కూర్చున్నట్లు నేటి నగరం దీపం ఆర్పి కూర్చోలేదు. అందువల్ల దూర రాష్ట్రాలను కలిపే తీగలు, ఎండ హెచ్చుగా ఉన్న మాసాలలో సౌరవిద్యుత్తు, మిగిలిన విద్యుత్తుతో నీటిని ఎగువకు ఎక్కించి దాచే జలాశయాలు అవసరమయ్యాయి. కొండ మీది గాలి మరకు అందినా తీగకు చోటు లేకపోతే మరను ఆపివేయవలసివస్తుంది. ఆ ఆపివేత నష్టం ఎవరిది? విద్యుత్తు అమ్మేవానిదా, కొనేవానిదా, వినియోగదారునిదా? మోటుపల్లి రేవులో తలెత్తిన ప్రశ్నే విద్యుత్ నియంత్రణ మండళ్ల ముందు కొత్త వేషంలో నిలబడుతున్నది. దానికి ముప్పయింట ఒక వంతు అన్నంత సూటి జవాబు ఇంకా దొరకలేదు.

ఎవరూ అడగని వాటాదారులు కూడా ఉన్నారు. బట్టమేక పక్షి భారీ శరీరంతో తక్కువ ఎత్తున ఎగురుతుంది. ముందున్న తీగ దాని కంటికి వేళకు ఆనదు. రాజస్థాన్, గుజరాత్‌లలో వాటి ఆవాసాలలోని విద్యుత్ తీగలను భూమి అడుగున వేయాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో ఆ ఆదేశాన్ని సవరించి విషయాన్ని నిపుణుల సంఘానికి అప్పగించింది. ఆ పక్షి కోసమే 1988లో అభయారణ్యంగా ప్రకటించిన రోళ్లపాడు మన రాయలసీమలోనే ఉన్నది.

ముప్పందల్‌కు మరొక చిక్కు వచ్చింది. మొదట వచ్చినవారు సహజంగానే అన్నింటికన్నా మంచి గాలి ఉన్న చోట్లు తీసుకున్నారు. వారు పాతిన మరలు ఆనాటి పరిజ్ఞానానికి తగిన చిన్నవి, పొట్టివి. ఆ తరువాత వచ్చిన వంద మీటర్లకు మించిన ఎత్తైన మరలు గాలి అంతంతమాత్రంగా ఉన్న చోట్లకు పోవలసివచ్చింది. పాతవాటిని తీసి పెద్దవాటిని నిలపడానికి 2016లో కేంద్రం ఒక విధానం ప్రకటించి, 2023లో దానిని సవరించింది. పని మాత్రం మందకొడిగా నడుస్తున్నది. పాత మర ఒక్కొక్కదానికి ఒక్కొక్క యజమాని. ఒక పెద్ద మర నిలవాలంటే నాలుగైదు చిన్నవాటి భూమి కావాలి. ఆ చిన్నవి ఇంకా తిరుగుతూనే ఉన్నాయి, అప్పు ఎన్నడో తీరిపోయింది, వచ్చినదంతా లాభమే. అటువంటివాడు ఎందుకు ఒప్పుకోవాలి, ఒప్పుకుంటే అతని వాటా ఎంత అన్నది ఇంకా బేరంలోనే ఉన్నది. ఈలోగా ఏటా జూన్‌లో కనుమ దాటి వచ్చే గాలిలో అన్నింటికన్నా బలమైన పాయ ఆ పొట్టి మరల తలల మీదుగా సాగిపోతున్నది.